లోపలి గడియ

ఆ బాత్రూంలో మనిషి ఎన్ని రకాలుగా పడిపోవచ్చో అతనికి కంఠతా వచ్చు. గుమ్మం దగ్గర మెట్టు తట్టుకుని బోర్లా పడొచ్చు. సబ్బునీళ్ళ మీద కాలు జారి వెల్లకిలా పడొచ్చు. కమోడు మీంచి లేస్తూ కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోవచ్చు, అప్పుడు తల వెళ్ళి కుళాయికి తగులుతుంది. కాబట్టి కుళాయి చోటు మారాలి. కుళాయి మారాలంటే గోడలో పైపు మారాలి. పైపు కోసం గోడ ఎలాగూ కొడతారు కాబట్టి పాత టైల్స్ ఉంచడంలో అర్థం లేదు. ఒక్క కుళాయి దగ్గర మొదలైన ఆలోచన నెల తిరక్కుండా బాత్రూం మొత్తం పడగొట్టి కట్టడం దాకా వచ్చి కూర్చుంది.

శనివారం పొద్దున భోజనాల బల్ల మీద పాత క్యాలెండరు కాగితం తిరగేసి, దాని వెనక బాత్రూం బొమ్మ గీస్తున్నాడు. గీసిన గీత మీదే మళ్ళీ గీస్తూ ఉండేసరికి కాగితం కొన్నిచోట్ల చిరుగుపట్టింది. పెన్సిలు కాగితం మీద ఉన్నా చెవులు మాత్రం బాత్రూం తలుపు దగ్గరే ఉన్నాయి. లోపల నాన్న స్నానం చేస్తున్నాడు. చేస్తూ కూనిరాగం తీస్తున్నాడు. అది పాటేమీ కాదు, బళ్ళో పిల్లల్ని వరసలో నడిపించేటప్పుడు బ్యాండు మీద వాయించే వరస. ఊళ్ళో సగం మందికి ఆయన డ్రిల్లు మాస్టారు. ఆయన ఈల నోట్లో పెట్టుకున్నాడంటే చాలు, ఆ మైదానంలో వంగి ఉన్న నడుం ఒక్కటి కనిపించేది కాదు.

కూనిరాగం మధ్యలో ఆగితే అతని పెన్సిలు ఆగేది. మళ్ళీ మొదలైతే పెన్సిలు కదిలేది.

"మామయ్యకి ఈమధ్య హుషారొచ్చింది. ఇదివరకు ఇలా పాడేవారా?" అంది భార్య, జడ వేసుకుంటూ. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. శనివారం జనం ఎక్కువ కాబట్టి ముందే వెళ్ళాలి.

"లేదు. మంచిదేగా. వినబడుతుంటే మనకీ ధైర్యం."

ఆమె వెనకనించి వంగి కాగితం చూసింది. "ఇవన్నీ ఏంటి?"

"పట్టుకునే కడ్డీలు."

"ఇన్నా? బాత్రూమా, బస్సా?" అని నవ్వింది. "మరి అద్దమేది?"

"అద్దం... ఎక్కడో పెడదాం."

"అద్దం చూసుకుంటూ ఎవరూ పడిపోరు కాబట్టి మీకు గుర్తు రాలేదు. సర్లెండి. తలుపో?"

"తలుపు బయటికి తెరుచుకునేట్టు పెట్టిస్తున్నాను. మనిషి లోపల అడ్డంగా పడినా తీసెయ్యొచ్చు."

"గడియ?"

అతను జవాబు చెప్పేలోపు ఫోను మోగింది. ఆ గడియ ఉండాల్సిన చోట ఇప్పుడు నాలుగు స్క్రూ రంధ్రాలున్నాయి. నాన్న జారిపడ్డ రోజు ఆ తలుపు బద్దలుకొట్టింది అతనే. మర్నాడు వడ్రంగి వచ్చి చెక్కకి అతుకేసి, గడియ మళ్ళీ బిగించబోతే, "అది నువ్వే పట్టుకుపో" అన్నాడు అతను. వడ్రంగి ఒకసారి తలుపువైపూ ఒకసారి అతనివైపూ చూసి, గడియ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఫోను ఆఫీసునించి. అతను లిఫ్టుల మెకానిక్కు. ఎక్కడో ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల మనుషులున్నారు. "లైటుందా లోపల? తలుపు చేత్తో లాగుతున్నారా? లాగొద్దని చెప్పండి, ముందది చెప్పండి" అంటుండగానే వీధి తలుపు చప్పుడైంది.

మేస్త్రీ. ఫోను ఎత్తడమనే అలవాటు లేని మనిషి. ఎప్పుడో పెట్టిన కబురుకి ఇప్పుడు వచ్చాడు. టేపు అప్పుడే చేతిలో ఉంది. "పై వీధి సైటులో కాంక్రీటు పోస్తున్నారు సార్, నేను లేకపోతే కొంపలంటుకుంటాయి. కొలతలు చూసుకుని పోతా, ఎక్కడ?"

అతను ఫోనులో మాట ఆపకుండానే చేత్తో బాత్రూం వైపు చూపించాడు.

మేస్త్రీ తలుపు తోశాడు. కూనిరాగం ఆగిపోయింది.

"అయ్యయ్యో, పెద్దాయనున్నారు!" అంటూ మేస్త్రీ వెనక్కి తగ్గాడు. ఆ క్షణంలో తలుపు మూసేసి ఉంటే అది ఎవరింట్లోనైనా జరిగే పొరపాటు కిందే పోయేది. కాని అతను ఫోను చెవికి ఆనించుకునే గబగబా వచ్చి తలుపు పట్టుకున్నాడు. లోపల నాన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తలనిండా నురుగు. కళ్ళు తెరవలేక, మగ్గు పట్టుకున్న చేతిని గాల్లో ఆపి, "ఎవరు? ఎవరది?" అంటున్నాడు.

"నేనే నాన్నా. మేస్త్రీ వచ్చాడు. ఒక్క నిమిషం అలాగే ఉండు." మేస్త్రీ వైపు తిరిగాడు. "పర్లేదు, మా నాన్నేగా. ఆ వెనక గోడ ఒక్కటి చూసుకోండి. మళ్ళీ మీరు దొరకరు."

మేస్త్రీ కాస్త తటపటాయించాడు. అతని మొహం చూశాడు, గోడ చూశాడు. తర్వాత మునివేళ్ళ మీద లోపలికి అడుగేసి, "ఆ కొస పట్టుకోండి" అన్నాడు. అతను ఫోనుని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి టేపు కొస గోడకి ఆనించాడు. టేపు నాన్న తల మీదుగా బిగుసుకుంది. నాన్న ఖాళీ చేత్తో గోడ తడిమాడు. తువ్వాలు కొక్కేనికి వేలాడుతోంది, సరిగ్గా అతని మోచేతి పక్కనే. అతను దాన్ని చూడలేదు. "తలుపు లాగొద్దని చెప్పారా? ఏమంటున్నారు?" అని ఫోనులో అడుగుతున్నాడు. నాన్న వెతకడం మానేసి, మగ్గు ఒళ్ళో బోర్లించుకుని, చేతులు దానిమీద పెట్టుకున్నాడు. నురుగు నుదుటిమీంచి కనుబొమల మీదకి, అక్కడినించి ముక్కు మీదకి జారుతోంది. వీపు మాత్రం నిటారుగానే ఉంది.

"అయిపోయింది సార్." మేస్త్రీ టేపు వదిలాడు. అది సర్రున చుట్టుకుంది. పోతూ పోతూ నేలవైపు చూస్తూ, "ఏమనుకోకండి పెద్దాయనా" అన్నాడు.

అతను తలుపు దగ్గరకి లాగి, వెనక్కి తిరిగాడు. భార్య బ్యాగు భుజాన వేసుకుని హాల్లో నిలబడి ఉంది. అతన్ని కాదు, ఎదురుగా ఉన్న ఉత్త గోడని చూస్తోంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పోనీలే, కొలతలైనా దొరికాయి, అనుకున్నాడు అతను. పనిముట్ల సంచీ అందుకుని లిఫ్టు దగ్గరకి పరిగెత్తాడు. ఆ భవనంలో మూసిన తలుపుకి మొహం దగ్గరగా పెట్టి, లోపలివాళ్ళకి ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాడు: "కంగారు పడకండి. తలుపు తీసే ముందు చెప్తాను. నేను చెప్పేదాకా ఎవరూ ఏమీ ముట్టుకోవద్దు." లోపలినించి ఒక ఆడగొంతు, "చెప్పి తియ్యండి బాబూ" అంది. "చెప్పే తీస్తానమ్మా" అన్నాడు.

*

ఆ వారమంతా అతను టైల్స్ ముక్కలతో గడిపాడు. షాపులో నమూనాకిచ్చిన ముక్కల్ని బాల్కనీలో పరిచి, వాటిమీద సబ్బునీళ్ళు పోసి, వట్టి మడమతో రుద్ది చూసేవాడు. ఒకటి గరుకుగా ఉంది కాని కాలు గీరుకుపోతుంది. ఇంకొకటి పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉంది, నురుగు పడగానే చేపలా జారుతోంది. ఆఫీసునించి వచ్చి చొక్కా మార్చుకోకుండానే పాంటు పైకి మడిచి అదే పని. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూసి, ఏమైందో ఈయనకి అనుకుంటున్నారని భార్య చెప్పింది. అననీ అన్నాడు.

కాని ఇంట్లో ఏదో లోటుగా ఉంది. ఏమిటో తట్టడానికి కొంత సమయం పట్టింది. కూనిరాగం లేదు.

పొద్దున నాన్న బాత్రూంలోకి వెళ్తున్నాడు, ఇట్టే వస్తున్నాడు. "నాన్నా?" అంటే "ఊ" అంటున్నాడు. భోజనం దగ్గర మంచినీళ్ళ గ్లాసు పోసింది పోసినట్టే ఉంటోంది. టీ ఇస్తే సగం తాగి పక్కన పెట్టేస్తున్నాడు. నడక మాత్రం పెంచాడు. తెల్లారి వెలుతురొచ్చేసరికి కర్ర, గుడ్డ సంచీ పట్టుకుని బయల్దేరుతున్నాడు, వచ్చేసరికి బాగా ఎండెక్కుతోంది.

"సంచీ ఎందుకు నాన్నా?"

"ఉంటే ఏదో ఒకటి తేవచ్చుగా."

ఏమీ తెచ్చింది లేదు.

నీళ్ళు తాగడం లేదంటే ఏదో ఉంది, అనుకున్నాడు అతను. తిండి తగ్గితే అరుగుదల, నీళ్ళు తగ్గితే మూత్రపిండాలు. మధ్యాహ్నం లిఫ్టు గొయ్యిలోకి దిగి పట్టాలకి నూనె రాస్తున్నా అదే ఆలోచన. "రేపు డాక్టరు దగ్గరకి వెళ్దాం" అంటే నాన్న పేపరు దించకుండానే, "నాకేం రోగంలేదురా. నువ్వే వెళ్ళిరా, సరిగ్గా నిద్రపోతున్నట్టు లేవు" అన్నాడు.

సాయంత్రం ఆరిన బట్టలు మడత పెడుతూ భార్య ఒక తువ్వాలు పక్కకి తీసి అతని ముందు పెట్టింది. "మామయ్యది."

"అయితే?"

"ఆదివారం ఎలా మడత పెట్టి కొక్కేనికి తగిలించానో అలాగే ఉంది. తడే తగల్లేదు దీనికి."

అతను చేతిలో టైలు ముక్క కింద పెట్టాడు. "స్నానం చెయ్యట్లేదా? కాని దగ్గరకొస్తే సబ్బు వాసన వస్తోందిగా?"

"వస్తోంది. మన సబ్బు కాదది."

నాన్న గదిలో రేడియోలో వార్తలు చదువుతున్నారు. భార్య గొంతు తగ్గించింది.

"ఆ బాత్రూంలో ఎవరికి మాత్రం నిశ్చింతగా నీళ్ళు పోసుకోబుద్ధవుతుంది? మామయ్య మంచినీళ్ళు తగ్గించిందీ అందుకే. నేను నిండు బకెట్టు తలుపుకి అడ్డం పెట్టుకుని, దానికి ఒక కాలు తన్నిపెట్టి స్నానం చేస్తున్నాను. తెలుసా మీకు?"

"చెప్పొచ్చుగా నాకు!"

"చెప్పానుగా. గడియ అన్నాను. మీకు ఫోనొచ్చింది."

"ఇంట్లో ఉండేది మనమేగా. పరాయివాళ్ళెవరున్నారని..."

"ఆ రోజు మేస్త్రీతోనూ అదే అన్నారు. మా నాన్నేగా అని." ఆమె ఇంకో చీర మడతలోకి తీసుకుంది. దాని అంచులు కలుపుతూ అంది: "మామయ్యకి హుషారొచ్చి పాడుతున్నారనుకున్నాం చూడండి. ఒకరోజు నేను బకెట్టు పెట్టడం మర్చిపోయాను. మీరు అటు వస్తున్న చప్పుడైంది. నాకు తెలీకుండానే గట్టిగా దగ్గేశాను. దగ్గేమీ రాలేదు నాకు. అప్పుడర్థమైంది, ఆయన ఎందుకు పాడుతున్నారో."

అతనికి వెంటనే ఏదో అనాలనిపించింది. నోరు తెరిచాడు కూడా. బకెట్టుకి కాలు తన్నిపెట్టిన మనిషి జారితే ఎటు పడుతుందా అన్న లెక్క ఒకటి అప్పుడే మనసులో మొదలైంది. ఆ లెక్క మీద అతనికే అసహ్యమేసి, నోరు మూసుకున్నాడు.

*

మర్నాడు ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి, నాన్న వెనకే బయల్దేరాడు. బాగా వెనక. దొంగలా గోడల పక్కనించి నడుస్తుంటే తనమీద తనకే నవ్వొచ్చింది, కాని ఆ నవ్వు రోడ్డు దాటే చోట ఆగిపోయింది. నాన్న కర్ర ముందుకి చాపి, వచ్చేపోయే బళ్ళని పిల్లల్ని ఆపినట్టు అరచెయ్యెత్తి ఆపుతూ దాటుతున్నాడు. ఒక లారీ ఆయన మోచేతి దగ్గరగా వచ్చి బ్రేకు వేసింది. అతను కేక వెయ్యబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాన్న లారీ డ్రైవరువైపు తలూపి, అవతలి గట్టెక్కాడు.

నేరుగా బస్టాండులోకి. బస్సులు ఆగే వరసలన్నీ దాటి వెనక్కి. అక్కడ ప్రయాణికులు డబ్బులిచ్చి వాడుకునే స్నానాల గదులున్నాయి. వరసగా రేకు తలుపులు. వాటి ముందు సిమెంటు నేలంతా తడి. ఎవరో పారబోసిన నురుగునీళ్ళు పాయలుగా కాలవలోకి పోతున్నాయి, గోడవార పచ్చగా నాచు పట్టి ఉంది. ఆ నేల చూసేసరికి అతని అరికాళ్ళు చెప్పుల్లోనే బిగుసుకున్నాయి.

డబ్బులు తీసుకునే కిటికీ దగ్గర కూర్చున్నావిడ నాన్నని చూడగానే, "ఆ చివరిది ఖాళీ అయింది పెద్దాయనా. ఇప్పుడే కడిగించాను" అంటూ చిన్న సబ్బుబిళ్ళ చేతిలో పెట్టింది. "గుమ్మందాకా చెయ్యి పట్టుకోమంటారా?"

"వద్దమ్మా, వద్దు. ఇదిగో, గోడుంది."

నాన్న ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గోడ పట్టుకుని, పాదం మొత్తం ఆనించి ఆనించి నడిచాడు. సంచీ లోపలి కొక్కేనికి తగిలించాడు. రేకు తలుపు మూసుకుంది. లోపల ఇనప గడియ పడిన చప్పుడు, బస్సుల రొదలో కూడా, అతనికి స్పష్టంగా వినబడింది.

"మీకూ స్నానానికా?" కిటికీ దగ్గరావిడ అడిగింది.

"కాదండీ. లోపలికెళ్ళినాయన మా నాన్న."

ఆమె అతన్ని కిందనించి పైదాకా చూసింది. ఇస్త్రీ చొక్కా, జేబుకి ఆఫీసు బిళ్ళ. "ఇంట్లో నీళ్ళు రావట్లేదా?"

"వస్తాయి."

అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు. లోపల నీళ్ళ చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆగి, చాలాసేపు మొదలవలేదు. రేకు తలుపుమీద కొట్టాలని ఉంది. కొడితే, వెంబడించి వచ్చినట్టు తెలిసిపోతుంది. తలుపు కిందనించి వచ్చే నీళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. అవి కాసేపు నురుగుతో వచ్చాయి, తర్వాత తేటగా వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. గడియ తీసిన చప్పుడైంది.

నాన్న బయటికొచ్చాడు. తల తడిగా, పాపిడి తీర్చి ఉంది. చొక్కా బొత్తాములన్నీ పెట్టుకుని ఉన్నాడు. ఈ వారంలో ఆయన మొహం అంత తేటగా అతను చూడలేదు. కొడుకుని చూసి ఒక క్షణం ఆగి, "ఏరా, ఆఫీసుకి పోలేదా?" అన్నాడు, రోడ్డు మీద కలిసినట్టు.

*

బస్సుల కోసం జనం కూర్చునే బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. నాన్న తడి తువ్వాలు పిండి సంచీలో పెట్టుకున్నాడు. సంచీ అడుగునించి నీటిబొట్లు కారుతున్నాయి.

"ఆ నేల చూశావా నాన్నా? ఎంత నాచుందో! అక్కడ జారితే ఏం చేసేవాడివి?"

"చూశాను. అందుకే గోడ పట్టుకుని నడుస్తున్నాను."

"ఇంట్లో అన్నీ ఉండగా..."

"ఇంట్లో గడియ లేదురా."

కోపంగా అనలేదు. బళ్ళో ఇవాళ బంతుల్లేవు అన్నట్టు అన్నాడు. అతనికి తిట్టించుకున్నా బాగుండేదనిపించింది. ఎదురుగా ఒక బస్సు రివర్సు చేస్తున్నారు. కండక్టరు బస్సు వెనక చరుస్తూ, రా రా అని అరుస్తున్నాడు.

"నాకు భయం నాన్నా." బస్సు ఆగాక అతను అన్నాడు. "ఆ రోజు ఎంత పిలిచినా నువ్వు పలకలేదు. ఎంత బాదినా పలకలేదు. తలుపు బద్దలుకొడుతున్నప్పుడు నేను నిన్ను బయటికి తెద్దామని కొట్టలేదు. అప్పటికే అయిపోయిందనుకుని కొట్టాను. ఇప్పటికీ ఆ తలుపు మూసి ఉంటే..." చేతులు చూసుకున్నాడు.

నాన్న సంచీ కింద చేరిన నీటిని కర్ర కొనతో పక్కకి గీశాడు.

"ఆ రోజు నాకు స్పృహ ఉందిరా" అన్నాడు.

"ఏంటి?"

"తుంటి మీద పడ్డాను. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి కాని తెలివి పోలేదు. నువ్వు పిలవడం విన్నాను. కోడలు పిలవడమూ విన్నాను. పక్కింటాయన గొంతు, వాళ్ళావిడ గొంతు, అన్నీ వినబడుతున్నాయి."

"మరి పలకలేదేం?"

"తువ్వాలు కొక్కేనికి ఉంది." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కొడుకు వైపు చూడలేదు. "ఇంతమంది వస్తున్నారు, ముందది చుట్టుకుందాం, ఆ తర్వాత పలుకుదాం అనుకున్నాను. పాక్కుంటూ వెళ్ళాను. అంచు వేలికి తగిలింది కూడా. లాగబోయేసరికి తలుపు ఊడొచ్చింది."

అతనికి ఆ దృశ్యం కొత్తగా కనబడింది. నేలమీద నాన్న, చాచిన చెయ్యి. ఆ చెయ్యి తనకోసం చాచాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఎంతమందికి చెప్పాడో ఆ మాట. తలుపు తీసేసరికి నాకోసం చెయ్యి చాచి ఉన్నాడండీ, అని.

"నువ్వు నేను పోయాననుకున్నావని నాకిప్పటిదాకా తెలీదు" అన్నాడు నాన్న. "నా తువ్వాలు గొడవలో నేనున్నాను. ఉన్నాన్రా అని ఒక్క మాటంటే నీకింత భయం లేకపోను. అది నాదే తప్పు."

"కాదు నాన్నా..."

"విను. ఇకమీద నువ్వు పిలిస్తే పలుకుతాను. ఏ అవస్థలో ఉన్నా పలుకుతాను. పలికాక నువ్వు ఆగాలి."

"పలక్కపోతే?"

"పలక్కపోతే బద్దలుకొట్టు. అప్పుడిక నాకు సిగ్గేంటి?"

అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, దగ్గులా బయటపడింది. నాన్న అతని వీపు మీద ఒక్కటి చరిచి, "నిటారుగా కూర్చో ముందు" అన్నాడు.

*

దారిలో ఇనప సామాన్ల షాపు దగ్గర ఆగారు. షాపతను రకరకాల గడియలు బల్లమీద పరిచి, వాటిలో ఒకటి ముందుకు తోశాడు. "పెద్దవాళ్ళున్న ఇళ్ళకి ఇది తీసుకెళ్తున్నారండీ. లోపల వేసుకున్నా బయట ఈ గాడిలో నాణెం పెట్టి తిప్పితే వచ్చేస్తుంది."

నాన్న అప్పటికే పక్కకి తిరిగి, గోడకి వేలాడుతున్న తాళ్ళ చుట్టలు చూస్తున్నాడు. అతను ఆ గడియ చేతిలోకి తీసుకున్నాడు. నాణెం పెట్టి తిప్పాడు. ఎంత తేలిగ్గా తిరుగుతోందో! ఇది ఉంటే రాత్రికి హాయిగా నిద్రపడుతుంది. మళ్ళీ తిప్పాడు. షాపతను కాగితం సంచీ విప్పాడు కూడా.

"ఇది వద్దు. మామూలుది ఇవ్వండి" అన్నాడు అతను.

ఇంటికొచ్చి పాత రంధ్రాలు చూస్తే చెక్క నలిగిపోయి స్క్రూ పట్టడం లేదు. అగ్గిపుల్లలు జిగురులో ముంచి కూరడానికి సిద్ధమై, మధ్యలో ఆగాడు. "నాన్నా, ఇలా రా. ఎక్కడ పెట్టమంటావు?"

ఈ బాత్రూం గురించి ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అదే. నాన్న లోపలికెళ్ళి, తలుపు మూసుకుని, మామూలుగా చెయ్యెత్తాడు. అది పాత గడియ చోటుకి జానెడు కిందే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ భుజం లాగుతున్నా మునివేళ్ళ మీద లేచి వేసుకున్నాడన్నమాట. "ఇక్కడ" అని వేలు పెట్టిన చోట అతను పెన్సిలు గీత పెట్టాడు. నాన్న స్క్రూలు అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే అందించాడు.

సాయంత్రం భార్య షాపునించి వచ్చి, తలుపు చూసి, బ్యాగు కుర్చీలో పడేసి లోపలికెళ్ళింది. గడియ పడింది. వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. పడింది. ఆ తర్వాత ఎంతకీ రాలేదు. వంట సంగతేంటో అతనికి అర్థం కాలేదు. చివరికి తలస్నానం చేసి, జుట్టు తువ్వాలుతో పైకి చుట్టుకుని బయటికొచ్చి, "ఏంటలా చూస్తారు? అద్దం పెట్టించండి, ఇంకా ఆలస్యంగా వస్తాను" అంది.

*

ఆదివారం మేస్త్రీ వచ్చాడు. గోడల మీద గుర్తులు పెట్టాలి, పైపు ఎక్కడ కొట్టాలో చూడాలి. నాన్న అప్పుడే బాత్రూంలోకి వెళ్ళాడు.

"కూర్చోండి. నాన్న స్నానం చేస్తున్నాడు" అన్నాడు అతను.

"ఎంతసేపు పడుతుంది సార్?"

"తెలీదు."

"అట్లా అంటే ఎట్లా? ఇప్పుడు గుర్తులు పెట్టుకుంటే రేపే మనుషుల్ని దింపుతా. లేదంటే ఇంకో సైటు ఒప్పుకున్నా, వచ్చే నెలదాకా నా మొహం కనబడదు మీకు."

వచ్చే నెలదాకా అదే నేల, అదే కుళాయి, అదే మెట్టు. అతను బాత్రూం తలుపు వైపు చూశాడు. ఒక్క మాట నాన్నని త్వరగా రమ్మంటే సరిపోతుంది.

"వెళ్ళాలంటే వెళ్ళండి. ఏం చేస్తాం" అన్నాడు.

మేస్త్రీ గుమ్మందాకా వెళ్ళి, అక్కడ నిలబడి, టేపు చేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. అంతలో లోపల ఏదో పెద్దగా పడింది.

అతను ఎప్పుడు లేచాడో తెలీదు, తలుపు ముందున్నాడు. "నాన్నా!"

నీళ్ళ చప్పుడు లేదు. ఏ చప్పుడూ లేదు. వంటింట్లోంచి భార్య గరిటె చేతిలోనే పట్టుకుని వచ్చింది. అతని పిడికిలి తలుపు దాకా లేచి ఉంది. భుజం తలుపుకి ఆనడానికి దానంతట అదే వంగుతోంది.

"నాన్నా!"

"ఉన్నాన్రా." గొంతు కాస్త విసుగ్గా వచ్చింది. "మగ్గు జారింది. నోట్లో నురుగుంది, వెంటనే ఎలా పలకను? ఇంకా టైం పడుతుంది నాకు."

అతను పిడికిలి దించాడు. తలుపు దగ్గరనించి ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి కుర్చీలో కూలబడ్డాడు. మేస్త్రీ గుమ్మం దగ్గరనించి అంతా చూశాడు. వెళ్ళలేదు. వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుని, టేపు మోకాళ్ళ మధ్య పట్టుకున్నాడు.

"ఆ రోజు నేను తలుపు తట్టాల్సింది సార్" అన్నాడు. "వారం రోజులుగా తిండి సరిగ్గా సయించలేదు నాకు."

"తట్టాల్సింది మీరొక్కరే కాదు" అన్నాడు అతను.

భార్య ఇద్దరికీ టీ తెచ్చింది. తాగారు. లోపల నీళ్ళు పోసుకున్న చప్పుడు, ఆగడం, మళ్ళీ పోసుకోవడం. ఆగిన ప్రతిసారీ అతని చెయ్యి కుర్చీ చేతిని బిగించి పట్టుకునేది. మేస్త్రీ చూసీ చూడనట్టు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

గడియ తీశారు. నాన్న తెల్లచొక్కా మడతలు సరిచేసుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రీ గబుక్కున లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నాన్న పక్కకి జరిగి, తలుపు పూర్తిగా తెరిచి, చేత్తో పట్టుకున్నాడు.

"రండి మేస్త్రీ. లోపల తడిగా ఉంది, చూసుకుని అడుగెయ్యండి. పట్టుకునే కడ్డీ ఎక్కడ కావాలో నేను చూపిస్తాను."

అతను బల్ల మీది కాగితం అందుకుని లేవబోయాడు. సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.